పేరు చూసి అనానిమస్ అని తేల్చేయకండి

కడప ఏడు రోడ్ల దగ్గర మా రూమ్‌లో నిన్న రాత్రి రెండింటిదాకా కోడ్‌లో ఒక ఫంక్షన్‌కి పేరుందా, లేక అది అనానిమస్సా (పేరులేనిదా) అని చూసే ఒక్క ఇఫ్ కండిషన్ వెనకాల పడ్డాను. కడుపుమంట ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నా.

ఇక్కడ ఒక కాలేజీకి ఫీజు రసీదుల మెసేజ్‌లు పంపే సాఫ్ట్‌వేర్ నేను చూసుకుంటాను. అది రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ. సర్వర్‌లో దాని 8.3 వెర్షన్ తీసి 8.4 పెట్టిన రోజు సాయంత్రానికల్లా చాలామందికి మెసేజ్‌లు ఆగిపోయాయి. మరుసటి రోజు పల్లెల నుంచి బస్సెక్కి వచ్చిన తండ్రులు "సార్, మా పిల్లోడిది కట్టినట్టు రాలేదే" అని కౌంటర్ దగ్గర నిలబడ్డారు. వాళ్లలో అప్పు తెచ్చి కట్టినవాళ్లు ఉన్నారు. వాళ్ల టెన్షన్ చూశాక ఇది చిన్న బగ్ అని సర్దిచెప్పుకోవడం నావల్ల కాలేదు.

సంగతేమిటంటే, తర్వాత చేయాల్సిన పనిని మా సాఫ్ట్‌వేర్‌కి ఒక ఫంక్షన్‌గా ఇస్తాం. పీహెచ్‌పీలో పేరులేని ఫంక్షన్ 'క్లోజర్' అనే ఆబ్జెక్టుగా ఉంటుంది, దాన్ని సీరియలైజ్ చేయడానికి (దాచుకోగల స్ట్రింగ్‌గా మార్చడానికి) పీహెచ్‌పీ ఒప్పుకోదు. అందుకని అనానిమస్ ఫంక్షన్ అయితే అక్కడికక్కడే నడపాలి, పేరున్నదైతే ఆ పేరు డేటాబేస్‌లో రాసుకుని తర్వాత పిలవాలి. ఇంతవరకు ఆలోచన బాగానే ఉంది. కానీ పాత కోడ్ రిఫ్లెక్షన్‌తో (కోడ్ గురించిన వివరాలు కోడే అడిగి తెలుసుకునే సదుపాయంతో) ఫంక్షన్ పేరు తెచ్చుకుని, చివర కర్లీ బ్రాకెట్ల మధ్య 'క్లోజర్' అని ఉందా లేదా అని మాత్రమే చూసేది. 8.4లో ఆ బ్రాకెట్ల లోపలికే ఫంక్షన్ రాసిన చోటు, లైన్ నంబర్ కూడా వచ్చి చేరాయి. ఎర్రర్ వచ్చినప్పుడు ఏ క్లోజరో తెలియడానికి చేసిన మార్పు అది, నాకైతే మంచి మార్పే అనిపిస్తుంది. మా చెక్ మాత్రం 'ఇది పేరున్న ఫంక్షనే' అనుకుని ఆ మాటంతా డేటాబేస్‌లో రాసేసింది. తర్వాత వర్కర్ (దాచిన పనులను వెనక నుంచి నడిపే ప్రోగ్రామ్) దాన్ని పిలవబోతే అలాంటి ఫంక్షనే లేదు.

పేరు పెట్టని పసిబిడ్డకు ఆస్పత్రిలో 'ఫలానా ఆమె బిడ్డ' అని చీటీ కడతారు చూడండి, ఆ బ్రాకెట్లలోని మాటా అలాంటి చీటీయే. చీటీ మీద రాసే పద్ధతి రేపు మారొచ్చు, దాన్ని నమ్ముకుని తీర్పు చెప్పకూడదు.

"క్లోజర్ క్లాస్ అవునా కాదా చూస్తే సరిపోతుంది కదన్నా" అన్నాడు మా తమ్ముడొకడు. సరిపోదు నాయనా. 8.1 నుంచి స్ట్రెలెన్ (స్ట్రింగ్ పొడవు చెప్పే పీహెచ్‌పీ సొంత ఫంక్షన్) పక్కన బ్రాకెట్లలో మూడు చుక్కలు పెడితే వచ్చేది కూడా క్లోజర్ ఆబ్జెక్టే, మరి స్ట్రెలెన్‌కి పేరు లేదంటామా? దీనికోసమే 8.2లో రిఫ్లెక్షన్‌ఫంక్షన్‌కి 'ఈజ్ అనానిమస్' అనే మెథడ్ ఇచ్చారు. ఇంజిన్ తన లోపల ప్రతి ఫంక్షన్‌కీ పెట్టుకున్న గుర్తులు చూసి చెబుతుంది, పేరు జోలికే పోదు. 2022 డిసెంబర్ నుంచి చేతిలో ఉన్నదాన్ని వదిలేసి ఇంకా స్ట్రింగ్‌లు పోల్చుకుంటూ కూర్చోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

మిగతా ప్రోగ్రామింగ్ భాషల వాళ్లూ జాగ్రత్తగానే ఉండాలి. పైథాన్‌లో లాంబ్డాటైప్ (లాంబ్డా అంటే అక్కడ పేరులేని ఫంక్షన్), ఫంక్షన్‌టైప్ రెండూ ఒకటే, డెఫ్‌తో పేరుపెట్టి రాసిన ఫంక్షన్ కూడా ఆ పరీక్ష పాసవుతుంది. ఫంక్షన్‌కి ఉండే నేమ్ చూద్దామంటే దాన్ని ఎవరైనా మార్చేయొచ్చు. జావాస్క్రిప్ట్‌లో యారో ఫంక్షన్‌ని (బాణం గుర్తుతో రాసే పేరులేని ఫంక్షన్‌ని) ఒక కాన్‌స్ట్ వేరియబుల్‌లో పెట్టగానే ఆ వేరియబుల్ పేరే దానికి వచ్చేస్తుంది. జావాలో 'ఈజ్ అనానిమస్ క్లాస్' అని లాంబ్డాని అడిగితే కాదంటుంది, ఎందుకంటే ఆ ప్రశ్న అనానిమస్ క్లాసులకు సంబంధించింది.

ఇంకో మాట. సగం చోట్ల అసలు ఈ ప్రశ్నే అవసరం లేదు. క్యూలో పెట్టే పనికి కాల్‌బ్యాక్ (తర్వాత పిలవమని ఇచ్చే ఫంక్షన్) బదులు క్లాస్ పేరు, దానికి కావలసిన వివరాలు ఇవ్వమని మొదటే అడిగి ఉంటే మేం ఇక్కడిదాకా వచ్చేవాళ్లమే కాదు. వచ్చే వారం అలాగే మారుస్తున్నా. ప్రస్తుతానికి ఆ చెక్ ఉన్న నాలుగు చోట్లా 'ఈజ్ అనానిమస్' పెట్టాను, ఆగిపోయిన మెసేజ్‌లు పొద్దున్నే అందరికీ వెళ్లాయి.

మీ ప్రాజెక్టుల్లో కూడా బ్రాకెట్లలో క్లోజర్ అనే మాటను ఎక్కడైనా పోలుస్తున్నారేమో ఒకసారి వెతకండి, 8.4కి పోకముందే.