ఎం బుక్కుకు ఎక్కని కూలీ

కాలువకు పోసిన ప్రతి ఘనపు మీటరు కాంక్రీటుకూ ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది. ఆ కాంక్రీటు మోసినవాళ్లు ఎంతమంది, ఏ ఊరివాళ్లు, ఎన్ని రోజులు పనిచేశారు అని అడిగితే మాత్రం లెక్క లేదు. ఇది మేం ఊహించి రాస్తున్న మాట కాదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో రాష్ట్ర నిధులతో సాగుతున్న పనుల్లో స్థానికులకు ఎన్ని రోజుల పని దొరికిందో చెప్పమని ఒక ఇంజినీరింగ్ కార్యాలయాన్ని సమాచార హక్కు చట్టం కింద అడిగాం. గడువు ఆఖరి రోజుదాకా ఆగి, అలాంటి సమాచారం తమ దగ్గర నిర్వహించడం లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ పనికి కొబ్బరికాయ కొట్టినా స్థానిక యువతకే ఉపాధి అని మైకులో చెప్పడం మన జిల్లాల్లో ఆనవాయితీ. ఆ మాటకు కాగితం మీద ఆనవాలే లేదని ఇప్పుడు అధికారికంగా తేలింది.

ఇదే రాష్ట్రం ప్రైవేటు కంపెనీలకు ఏం చెప్పిందో గుర్తుచేయాలి. 2019 జూలైలో శాసనసభ చేసిన చట్టం పరిశ్రమలు, ఫ్యాక్టరీలు, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టుల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంది. అప్పటికే నడుస్తున్న కంపెనీలకు మూడేళ్ల గడువు పెట్టింది. అర్హులు దొరక్కపోతే శిక్షణ ఇచ్చి మరీ తీసుకోవాలంది. మూడు నెలలకోసారి నివేదిక పంపాలంది. శ్రీసిటీలో యంత్రం పెట్టినవాడు, రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ యూనిట్ తెరిచినవాడు తన సొంత పెట్టుబడితో పెట్టిన ఫ్యాక్టరీలో ఎవరిని తీసుకున్నాడో సర్కారుకు చెప్పుకోవాలి. సర్కారు మాత్రం జనం పన్నులతో కట్టించే రోడ్డు మీద, తవ్వించే కాలువలో, ఊడిపించే ఆసుపత్రి వార్డులో ఎవరు పనిచేస్తున్నారో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పక్కవాడి ఇంట్లో పద్దు అడిగేవాడు తన ఇంట్లో పద్దు పుస్తకమే పెట్టకపోతే ఆ అడగడానికి విలువేముంది?

పోయిన వారం మా విలేకరి తిరుపతి జిల్లాలో ఒక రోడ్డు పని దగ్గరకు వెళ్లారు. దారి మొదట్లో బోర్డు ఉంది. పని పేరు, అంచనా విలువ, గడువు, ఏజెన్సీ పేరు అన్నీ పెయింటుతో రాశారు. పనివాళ్ల సంఖ్య లేదు. లోపల రేకుల షెడ్డు, పక్కన నీళ్ల డ్రమ్ము, ఆరేసిన లుంగీలు. ముప్పై మందికి పైగా ఉన్నారు, ఎక్కువమంది ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు. మస్టరు చూపించమంటే మేస్త్రీ చొక్కా జేబులోంచి మడతలు పడిన చిన్న నోటుపుస్తకం తీశాడు. ఒక పేజీకి పదిహేను పేర్లు, ఇంటిపేర్లు లేవు. పేరు ఎదురుగా టిక్కులు, అక్కడక్కడ అడ్వాన్సు అంకెలు. ఊరి పేరుకు గడి లేదు. మేస్త్రీకి పని ఇచ్చింది సబ్ కాంట్రాక్టరు. సబ్ కాంట్రాక్టరుకు ఇచ్చింది టెండరు దక్కించుకున్న ఏజెన్సీ. ఏజెన్సీ బిల్లుతో పాటు జతచేసే పీఎఫ్ చలానాలో ఆఫీసు సిబ్బంది, డ్రైవర్లు, ఇద్దరు సూపర్‌వైజర్లు. ఎండలో తట్ట మోసేవాడు ఆ చలానాలో లేడు. అక్కడికి కిలోమీటరు దూరంలో టీకొట్టు దగ్గర ఐటీఐ చేసిన కుర్రాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. సైట్లో పనుంటే చెప్పన్నా అని మేస్త్రీని మూడుసార్లు అడిగారట. మనుషులు నిండిపోయారన్నాడట. ఎంతమంది నిండారో ఏ అధికారికీ తెలియదు గనక ఆ మాటను కాదనేవాడూ లేడు.

ఇది బయటి కూలీల మీద రాస్తున్న సంపాదకీయం కాదు. ఆ రేకుల కింద పడుకునే మనిషి మనకు శత్రువు కాడు. కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసి రాత్రికి తిరిగొచ్చే వేలమంది మన వాళ్లే. సత్యవేడు, నగరి వైపు నుంచి తమిళనాడుకు పనికి పోయేవాళ్లూ మన వాళ్లే. అసలు ఆ ఒడిశా మనిషికే ఈ లెక్క మనకన్నా ఎక్కువ అవసరం. రేపు మట్టిపెళ్లలు విరిగిపడితే, నోటుపుస్తకంలో ఒక్క పొడి పేరు తప్ప ఏమీ లేని మనిషి శవాన్ని ఏ ఊరికి పంపుతారు? పరిహారం ఎవరి చేతికి ఇస్తారు? వలస కార్మికుల కోసం 1979లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ చట్టం వచ్చాక పుట్టిన పిల్లలు ఇవాళ మేస్త్రీలయ్యారు, నోటుపుస్తకం మాత్రం మారలేదు.

స్థానికత షరతు రాజ్యాంగానికి నిలవదని, పోటీ తగ్గి పనుల ఖర్చు పెరుగుతుందని, పక్క రాష్ట్రాలు ఎదురు షరతు పెడితే మనకే నష్టమని వాదించేవాళ్లు ఉన్నారు. హర్యానా చేసిన 75 శాతం చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్ హర్యానా హైకోర్టు కొట్టేసిన మాట నిజం. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించిన బిల్లు రోజుల వ్యవధిలోనే అటకెక్కిన మాటా నిజం. మన 2019 చట్టమూ హైకోర్టు గడప ఎక్కింది. కోటా నిలుస్తుందా లేదా అన్నది కోర్టులు తేలుస్తాయి. కానీ లెక్క రాయడానికి ఏ కోర్టు అడ్డొచ్చింది? సర్కారు తన డబ్బుతో చేయించే పనిలో ఎవరు పనిచేశారో నమోదు చేయొద్దని ఏ రాజ్యాంగ అధికరణం చెప్పింది?

తెలుగువాళ్లకు ఈ నిర్లక్ష్యం ధర ఎంతో కొత్తగా చెప్పాలా? స్థానికత గొడవల్లో రెండు ఉద్యమాలు నెత్తురోడాక 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. స్థానికులకు కొలువుల్లో వాటా కోసం రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. 1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, జోన్లు గీశారు, ఏ కొలువులో స్థానికులు ఎంత శాతం ఉండాలో రాశారు. రాసి ఊరుకున్నారు. ఏ ఆఫీసులో ఎవరున్నారని ఏటేటా లెక్క తీసి జనం ముందు పెట్టలేదు. పదేళ్ల తర్వాత ఉద్యోగ సంఘాలు గొంతు చించుకుంటే అధికారుల కమిటీ కూర్చుంది, నిబంధనకు విరుద్ధంగా నియమించిన స్థానికేతరులను వెనక్కి పంపాలంటూ 1985 డిసెంబరులో 610 జీవో వచ్చింది. 1986 మార్చి ఆఖరుకల్లా సరిచేస్తామన్నారు. సరిచేయలేదు. 2001లో అదే లెక్క తీయడానికి గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. పాతికేళ్ల పాటు ఎవరి నోటికొచ్చిన సంఖ్య వాళ్లు చెప్పారు, ఎవరి సంఖ్యను వాళ్లు నమ్మారు, మనుషుల మధ్య విషం పేరుకుపోయింది. ఆ ఉత్తర్వు తప్పొప్పులు పక్కన పెట్టండి. రూలు రాసి రిజిస్టరు పెట్టకపోతే ఏమవుతుందో 610 అన్న ఒక్క అంకె చెబుతుంది. ఇప్పుడు కాంట్రాక్టు పనుల్లో మళ్లీ అదే దారి తొక్కుతున్నారు. హామీ ఉంది, రిజిస్టరు లేదు. పదేళ్లకు మళ్లీ ఒక కమిటీ వేస్తారా?

చేతకాదనడానికీ వీల్లేదు. ఉపాధి హామీలో రోజు కూలీ కోసం చెరువులో మట్టి తీసిన అవ్వకు జాబ్ కార్డు కావాలి, మస్టరులో పేరుండాలి. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో కూడా దిగమన్నారు. సిగ్నల్ లేని గుట్ట మీద ఫోను పట్టుకుని కూలీల హాజరు చూసే మేట్లు చెట్టెక్కిన ఊళ్లు మన పడమటి మండలాల్లో ఉన్నాయి. ఆ తర్వాత సామాజిక తనిఖీ పేరుతో ఊరందరి ముందు ఆ మస్టరు చదివి వినిపిస్తారు. ఆ తనిఖీలో ఈ రాష్ట్రం దేశానికే దారి చూపింది. కూలీకి అంత తనిఖీ పెట్టగలిగిన ప్రభుత్వానికి కోట్ల పని చేసే కాంట్రాక్టరు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఎందుకు వణుకుతుంది? ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం 2020 జూలైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషను మొదలుపెట్టినప్పుడు ప్రతి మనిషి పేరూ, ఊరూ, సామాజిక వర్గమూ కంప్యూటరుకు ఎక్కించారు కదా. ఆప్కాస్ మంచిచెడులపై వాదన వేరు. మనుషులను లెక్కపెట్టడం సాధ్యమేనని అది చూపించింది.

ఎం బుక్కు, అంటే పని కొలతలు రాసే పుస్తకం, సంగతి చూడండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలతలు రాస్తాడు, అతని పైన ఉండే డీఈ సరిచూస్తాడు, ఆపైన క్వాలిటీ కంట్రోల్. పొడవు, వెడల్పు, లోతు పాయింటు తర్వాత రెండంకెల దాకా రాస్తారు. ఒక్క సంతకం తక్కువైతే బిల్లు ఆగిపోతుంది. నిర్మాణ కార్మికుల సంక్షేమం పేరుతో ఒక శాతం సెస్సు కూడా అదే బిల్లులో కోసుకుంటారు. ఏ కార్మికుల కోసం కోశారో ఆ కార్మికుల జాబితా మాత్రం బిల్లుకు జత ఉండదు. దీన్ని మరుపు అనలేం. సబ్ కాంట్రాక్టుల గొలుసు బయటపడుతుందని, మస్టరులో లేని కూలీలకు ఇచ్చే రేటు బయటపడుతుందని తెలిసే ఆ కాగితం అడగడం లేదన్నది మా అభిప్రాయం. కాదంటారా, అడిగి చూపించండి.

మేం కోరుతున్నది కొత్త చట్టం కాదు, కొత్త కార్పొరేషను అంతకన్నా కాదు. టెండరు షరతుల్లో ఒక పేరా చేర్చండి. పని సాగుతుండగా పెట్టే ప్రతి రన్నింగ్ బిల్లుతో పాటు పనివాళ్ల జాబితా, వాళ్ల సొంత జిల్లా, పనిదినాలు, చెల్లించిన కూలి జతచేయాలి. సబ్ కాంట్రాక్టరు మనుషులు కూడా అందులోనే ఉండాలి. జాబితా లేకపోతే బిల్లు కదలకూడదు. వ్యక్తుల ఆధార్, ఫోన్ నంబర్లు ఎవరికీ అక్కర్లేదు. మొత్తం ఎంతమంది, అందులో ఈ జిల్లావాళ్లెందరు అన్న రెండు అంకెలు ఆ పని బోర్డు మీదే రాయించండి. కొలతలు తీయడానికి వెళ్లే ఏఈ ఎలాగూ సైటుకు వెళ్తాడు. ఎదురుగా ఉన్న తలకాయలు లెక్కపెట్టి ఆ బోర్డుతో సరిచూడటానికి పావుగంట చాలు.

ఇక మంత్రులకు, ఎమ్మెల్యేలకు ఒక మాట. వచ్చే నెలో, ఆపై నెలో మీరు మళ్లీ ఏదో ఒక పనికి కొబ్బరికాయ కొట్టడానికి వస్తారు. స్థానికులకే ఉపాధి అని చెప్పాలనిపిస్తే, కిందటిసారి మీరు కొబ్బరికాయ కొట్టిన పనిలో ఎంతమంది స్థానికులు ఎన్ని రోజులు పనిచేశారో రాసిన కాగితం జేబులో పెట్టుకుని రండి. అది లేకపోతే మైకు ముందు ఆ మాట ఎత్తకండి. టీకొట్టు దగ్గరున్న ఆ నలుగురు కుర్రాళ్లూ సభలో మీ ముందు వరసలోనే కూర్చుంటారు.