ఫ్లెక్సీ రీసైకిల్ అవుతుందట!

"పచ్చని ఆడిటోరియానికి నాలుగు సూత్రాలు" అన్న మెసేజ్ ఈ వారంలో ఆరోసారి వచ్చింది. పంపినవాళ్ళంతా నాటకం, నాట్యం అంటే ప్రాణం పెట్టేవాళ్ళే. అందుకే ఊరుకోలేకపోతున్నా. మెసేజ్ సారాంశం: హాలోజన్ లైట్లు తీసి ఎల్‌ఈడీలు పెడితే కరెంటు బిల్లు 90 శాతం తగ్గుతుంది, గుడ్డ తెరల బదులు ఫ్లెక్సీ వాడాలి, అది రీసైకిల్ అవుతుంది, డ్రై ఐస్ పొగ భూమిని వేడెక్కిస్తుంది, నిషేధించాలి, శాలువాలు మానాలి.

డ్రై ఐస్ ముందు తేల్చేద్దాం. అది ఎక్కువగా ఫ్యాక్టరీల్లో ఎలాగూ వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి గడ్డకట్టించిందే. అసలు భయం వేరే. 10 కిలోలు ఆవిరైతే 5 ఘనపు మీటర్లకు పైగా వాయువు, గాలి కంటే బరువు, నేలబారుగా పాకుతుంది. పక్కన కింద కూర్చున్న మృదంగం ఆయన ముక్కు దగ్గర తేలుతుంది. ముందు ఆయనకి గాలి ఆడనివ్వండి, భూగోళం సంగతి తర్వాత.

ఇక 90 శాతం. స్టేజీ మీదికి వెలుగు కొట్టే వెయ్యి వాట్ల హాలోజన్ పార్ లైట్లు 24 ఉన్నాయనుకోండి. అన్నీ ఒకేసారి ఫుల్‌లో వెలగవు. సగటున సగం అనుకుంటే 3 గంటల ప్రదర్శనకి 36 యూనిట్లు. 150 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే 30 యూనిట్ల దాకా మిగులుతాయి. బాగుంది. అదే హాల్లో 100 టన్నుల ఏసీ ప్లాంటు మూడింట రెండొంతుల లోడుతో నడిచినా, పంపులూ బ్లోయర్లూ కలిపి గంటకి 80 యూనిట్లు తాగుతుంది. కార్డు మీద 6 గంటలు అని వేసి జ్యోతి ప్రజ్వలన ఏడున్నరకు చేస్తే 120 యూనిట్లు పోయినట్టే. అంటే నాలుగు ప్రదర్శనల ఎల్‌ఈడీ పొదుపు అతిథిగారి ఆలస్యానికి ఆహుతి.

పైగా చాలాచోట్ల ఎల్‌ఈడీ పార్‌ను తెచ్చి పాత డిమ్మర్ (కరెంటు తగ్గించి వెలుగు తగ్గించే పెట్టె) లైనుకే తగిలిస్తారు. అది మిణుకుతుంది, కొన్నాళ్ళకి లోపలి పవర్ సప్లై కాలిపోతుంది. దానికి డిమ్మర్ లేని నేరు లైను కావాలి, వెలుగు తగ్గించడం డీఎంఎక్స్ కేబుల్ (లైట్లకి ఆదేశాలు మోసే తీగ) మీదే జరగాలి. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: ముదురు నీలం వెలుగు కావాలంటే ఎల్‌ఈడీని కొట్టేది లేదు. హాలోజన్ ముందు ఆ రంగు జెలటిన్ కాగితం పెడితే వెలుతురులో నూటికి ఒకటి రెండు వంతులే బయటికొస్తాయి, మిగతాదంతా వేడి. వెనక తెర లైట్లు మార్చాలనుకుంటే రేపే మార్చండి.

ఇప్పుడు ఫ్లెక్సీ. ఈ ముక్క రాసిన మహానుభావుడు ఫ్లెక్సీని ఎప్పుడైనా చింపి చూశాడా? పాలిస్టర్ దారాల వల, దానికి రెండువైపులా పీవీసీ పూత. ఆ రెండూ విడదీస్తేనే రీసైక్లింగ్. మున్సిపాలిటీ చెత్త బండికి ఆ విద్య రాదు. 40 అడుగులకు 20 అడుగుల బ్యాక్‌డ్రాప్ అంటే 74 చదరపు మీటర్లు, మీటరుకి 340 గ్రాముల లెక్కన 25 కిలోలు. దాని మీద తేదీ, పదకొండు మంది ఫొటోలు. మర్నాటికి దానికి స్టేజీ మీద పని లేదు. గడ్డివామి మీదో, తోపుడుబండి మీదో కప్పుతారు. ఎండకి పెళుసుబారి పగుళ్ళిస్తుంది, చివరికి చెత్తకుప్పలో మంట. పీవీసీ మండితే వచ్చేది హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు. దీని పేరు రీసైక్లింగట! 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషేధం. మన ఫ్లెక్సీ అంతకంటే మందం కాబట్టి సందులోంచి జారిపోయింది.

1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వాళ్ళు రంగులేసిన తెరల్ని ఊరూరా తిప్పి నాటకాలాడారు. గుడ్డ తెరకి కావలసింది రెండే జాగ్రత్తలు. మడత పెట్టొద్దు, రంగు మడత దగ్గర పగులుతుంది, గొట్టానికి చుట్టండి. నిప్పు అంటుకోకుండా 100 పాళ్ళ నీళ్ళలో 7 పాళ్ళు బోరాక్స్, 3 పాళ్ళు బోరిక్ యాసిడ్ కరిగించి, రంగు వేయకముందే తడిపి ఆరబెట్టండి. అంచు ముక్క కత్తిరించి అగ్గిపుల్ల చూపించండి; పుల్ల తీయగానే మంట ఆరిపోవాలి. తడిస్తే మందు పోతుంది, మళ్ళీ పట్టించాలి. తేదీ, పేర్లు కావాలా? 10 అడుగుల గుడ్డ పట్టీ మీద రాసి తెరకి గుచ్చండి.

శాలువాలు మానాలన్న నాలుగో సూత్రానికి మాత్రం పూర్తి మద్దతు. సన్మానాలు కూడా మానేస్తే ఏసీ ఇంకో గంట ముందే కట్టేయొచ్చు.