20 రూపాయల బోల్టు, జలాంతర్గామి

వారం రోజులుగా మిత్రుల గ్రూపుల్లోను, బంధువుల గ్రూపుల్లోను ఒకే సందేశం తిరుగుతోంది. బ్రిటన్ తన అణు జలాంతర్గామి రియాక్టర్‌ను జిగురుతో అతికించిందట; దాని క్షిపణులు అమెరికా దగ్గర అద్దెకు తెచ్చినవట; విడిభాగాలు లేక ఒకే ఏడాదిలో 795 సార్లు ఒకదాని సామాను ఊడదీసి ఇంకొకదానికి బిగించారు గనుక అణు క్షిపణి జలాంతర్గాములన్నీ ఒడ్డునే పడి ఉన్నాయట; పైగా, బజారులో 20 రూపాయలకు దొరికే బోల్టుకు వేలు పోయడం శుద్ధ దోపిడీయట. నిన్న ఐదో మనిషి కూడా పంపాక ఊరుకోబుద్ధి కాలేదు.

జిగురు పూసిన మాట నిజమే గాని, రియాక్టర్‌కు కాదు. బ్రిటన్ నౌకాదళ మరమ్మతుల కేంద్రం డెవన్‌పోర్ట్‌లో వాన్‌గార్డ్ అనే జలాంతర్గామికి మరమ్మతులు చేస్తున్నప్పుడు, రియాక్టర్ గదిలోని గొట్టాల మీద ఇన్సులేషన్‌ను పట్టి ఉంచే బోల్టులను అతిగా బిగించడంతో తలలు తెగిపోయాయి. కొత్తవి వేయకుండా ఎవరో ఆ తలలనే అంటించేశారు. తనిఖీలో ఒకటి ఊడి పడి బండారం బయటపడింది, 2023 జనవరిలో పత్రికలకెక్కింది. సిగ్గుచేటే, కాదనను.

క్షిపణులు అద్దెవి కావు. బ్రిటన్ డబ్బు కట్టి, అమెరికాలోని కింగ్స్ బే స్థావరంలో ఉన్న ఇరుదేశాల ఉమ్మడి నిల్వలోంచి తీసుకుంటుంది, వాటి మొనలో పెట్టే అణుబాంబులు (వార్‌హెడ్లు) సొంతవి. దీనికి ఇంతకన్నా సమయం దండగ.

నాకు ఒళ్లు మండించినది బోల్టు ధర. 1963 ఏప్రిల్ 10న అమెరికా జలాంతర్గామి థ్రెషర్ 129 మందితో మునిగిపోయింది. అంతకు ముందు మరమ్మతుల్లో దాని గొట్టాల అతుకులు 145 పరీక్షిస్తే 14 శాతం నాసిరకమని తేలింది. మిగతావాటిలో అత్యధిక భాగాన్ని పరీక్షించకుండానే సముద్రంలోకి పంపారు. ఆ తర్వాతే, పడవలోకి నీరు రాకుండా ఆపే ప్రతి భాగానికీ ఏ ఉక్కుతో చేశారు, ఎవరు పరీక్షించారు, ఎవరు బిగించారు అన్న కాగితం ఉండి తీరాలనే సబ్‌సేఫ్ నిబంధనలు వచ్చాయి. మన మేధావి దోపిడీ అంటున్నది ఆ కాగితం ఖర్చునే. అమెరికాలోని టకోమాలో ఉన్న ఒక ఫౌండ్రీలో, జలాంతర్గాముల కోసం పోసిన ఉక్కు మైనస్ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర దెబ్బకు తట్టుకుంటుందో లేదో చూడడం తెలివితక్కువ పని అని అక్కడి లోహశాస్త్రవేత్తకూ అనిపించింది. 1985 నుంచి 2017 వరకు కనీసం 240 పోతల పరీక్షా ఫలితాలను ఆమె తప్పుగా మార్చి రాసింది. 2022లో కోర్టు 30 నెలల జైలు వేసింది. ఆ 20 రూపాయల బోల్టు అమ్మే కొట్టాయన ఏ ఉష్ణోగ్రత దగ్గర పరీక్షించాడో సందేశంలో రాయలేదు; చీటీ మీదైనా రాసిచ్చాడేమో కనుక్కోండి.

ఇక 795. అది 2016-17లో యావత్ బ్రిటిష్ నౌకాదళం లెక్క, వాళ్ల ఆడిట్ కార్యాలయమే ప్రచురించింది. అందులో ఎక్కువగా దెబ్బతిన్నవి ఆస్టూట్ తరగతి జలాంతర్గాములు. వాటిలో అణు క్షిపణులే ఉండవు. క్షిపణులు మోసేవి వాన్‌గార్డ్ తరగతివి నాలుగు. ఇవో, వీటికి ముందు తరానివో, అణు క్షిపణుల జలాంతర్గామి ఒకటైనా సముద్రంలో లేని రోజు 1969 నుంచి లేదని ఆ నౌకాదళం చెబుతుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. 2015 చివర్లో డాక్‌లోకి వెళ్లిన వాన్‌గార్డ్ 2023లో గాని బయటికి రాలేదు. ఆ లోటు మిగతా మూడింటి మీద పడి, ఒక్కో గస్తీ ఐదు నెలలు దాటేదాకా సాగింది. అన్ని నెలలు నీళ్ల కింద నలిగిన యంత్రాలకు విడిభాగాలు ఇంకా ఎక్కువ కావాలి. సందేశం రాసినాయన జిగురు మానేసి ఈ మాట రాసి ఉంటే, నేనే నలుగురికి పంపేవాణ్ణి.