లాటరీ చీటీ గారికి, పాత వీధి వాళ్ళ విన్నపం

శ్రీయుత లాటరీ చీటీ గారికి,

నమస్కారాలు. తమరిని మొదట చూసింది బడి ఆవరణలో, షామియానా కింద, ఒక ప్లాస్టిక్ బకెట్లో. మా లంకలో ఒకే వీధిన బతికిన ఇరవై రెండు కుటుంబాలను, కొత్త కాలనీలో ఇళ్ళు పంచే పేరిట, తమరు అరగంటలో తొమ్మిది వరుసల్లోకి విసిరేశారు. గోదావరికే చేతకాని పని అది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. పాకలు పోయాయి, గేదెలు పోయాయి. నీరు తీశాక పడవ మావయ్య, ఆయన పక్కన మామ్మ, ఆమె పక్కన మేము, అదే వరసలో మళ్ళీ తాటాకు కప్పుకున్నాం.

బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. అవి ప్రభుత్వం వారివి. మా హెచ్చరికలు వేరు. ఎర్ర నీరు రేవులో నాలుగో మెట్టు మింగితే మావయ్య పడవ గొలుసు విప్పుతాడు. పక్కింటి వదిన మా పట్టాదారు పుస్తకాలు కూడా తన అటక మీదకు చేరుస్తుంది. మా తాళంచెవి ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది. మామ్మను మంచంతో సహా ఎత్తే నలుగురి పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. ఆ నలుగురికీ తెలుసు, చాలు. 2022 జులైలో వరద 25 లక్షలు దాటినప్పుడు మామ్మ క్షేమంగా ఏటిగట్టు ఎక్కి, ఊరగాయ జాడీ మరిచారని కేకలు పెట్టింది. దాని కోసం పడవ మళ్ళీ వెళ్ళింది. తమరైతే వెళ్తారా?

ఇల్లు బాగాలేదని అనను. సెంటున్నర స్థలం, పక్కా కప్పు. తుపాను వస్తే ఎగిరిపోదు. తమరి నిజాయతీ మీదా అనుమానం లేదు: లంచం తినరు, కులం అడగరు, ఎవరు ఏ నాయకుడి బావమరిదో తమకు పట్టదు. ఇళ్ళు పంచేవారు తమరిని నమ్ముకున్నది అందుకే. కానీ ఇప్పుడు మామ్మ ఎనిమిదో వరుసలో ఉంది, మంచం ఎత్తే నలుగురూ నాలుగు దిక్కుల ఉన్నారు. మా పక్కింటాయన పేరు నాకు తెలియదు. ఆయన నన్ను ‘నలభై ఏడు గారూ’ అని పిలుస్తాడు.

తమరి జ్ఞాతులు జపాన్‌లోనూ ఉన్నారట. 1995లో కోబే భూకంపం తరువాత తాత్కాలిక ఇళ్ళను ముసలివాళ్ళకు ముందు అంటూ లాటరీతో పంచారు. ఎంత దయ! పాత పేట నుంచి విడిపోయిన వృద్ధులు కొందరు ఆ గదుల్లో పోయినా, పోయారన్న సంగతి చాలా రోజులకు గానీ ఎవరికీ తెలియలేదు. అలాంటి చావుకు అక్కడ ‘కొదొకుషి’ అని ఒక మాటే ఉంది. 2011 సునామీ తరువాత ఇవానుమా పట్టణంలో కొందరిని చీటీ వేసి, కొందరిని ఊరుమ్మడిగా తరలించారు. పరిశోధకులు ఆరా తీస్తే కలిసి వెళ్ళినవాళ్ళ మధ్య రాకపోకలు పెరిగాయి, చీటీ పడ్డవాళ్ళకు తగ్గాయి. మా మామ్మను అడిగితే ఖర్చు లేకుండా చెప్పేది.

అందుకని చిన్న విన్నపం. ఇకమీదట వీధికి ఒకే చీటీగా రండి. శ్మశానం వైపు వరుస తగిలినా కిమ్మనం. ఇళ్ళు మార్చుకుంటాం మొర్రో అని అర్జీ పెడితే, ‘చీటీలో పడింది మార్చకూడదు’ అన్నారు ఆఫీసు వారు. పెళ్ళి సంబంధాలు కూడా ఇంత గట్టిగా కుదరవు.

మొన్న మామ్మ మాకని పనసపొట్టు కూర పట్టుకుని బయలుదేరింది. అన్ని ఇళ్ళూ ఒకే రంగు కావడంతో ఎవరి గుమ్మమో ఎక్కింది. వాళ్ళది ఏదో అవతలి లంక. కూర తీసుకున్నారు; ఖాళీ గిన్నె ఎలా ఇస్తామని మర్నాడు చేపల పులుసు పోసి పంపారు. పులుసు బాగుంది గానీ గిన్నె మార్చేశారని మామ్మ ఫిర్యాదు. తన గిన్నె తెచ్చుకోవడానికి రేపు మళ్ళీ వెళ్తుందట. ఉత్తచేతులతో ఏం వెళ్తానని పొద్దుటి నుంచి బియ్యం నానబోసింది.

ఇట్లు,
తమరి లెక్కలో నలభై ఏడు,
మా వీధి లెక్కలో మామ్మ పక్కిల్లు