బెంజ్ సర్కిల్ హారనూ, డాలస్ చీకట్లో బాసూ

బెంజ్ సర్కిల్లో ఎర్ర లైటు వెలుగుతుండగానే వెనకనుంచి హారన్ కొట్టే పెద్దమనిషి రాత్రిపూట బాస్ చేపను పట్టలేడు. ఇది ఎవరినీ ఉద్దేశించి అన్నమాట కాదు, కేవలం జలశాస్త్రం. ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు లేకనే, వేసవికి కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లే మన నాన్నగార్లు అక్కడి చెరువుగట్ల మీద బెజవాడ పరువు తీసి వస్తున్నారు.

బాస్ కృష్ణలో లేదు. ప్రకాశం బ్యారేజీకి ఎగువనా లేదు, దిగువనా లేదు, బందరు కాలవలో అసలే లేదు. అది పుట్టుకతో ఉత్తర అమెరికా చేప. దాని ప్రపంచ రికార్డు 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టింది, 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైమాటే. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టింది దానికంటే ఔన్సు లోపు ఎక్కువ తూగింది. రికార్డు బద్దలవ్వాలంటే రెండు ఔన్సులైనా తేడా ఉండాలట, అందుకని ఇద్దరికీ సమానమన్నారు. రైతుబజారు తూకాలకు అలవాటుపడ్డ మనకు ఈ చాదస్తం బోధపడదు.

ఎండల్లో జులై డాలస్ మన బెజవాడ వేసవికి తోబుట్టువే. పగలంతా బాస్ లోతుకో నీడకో పోయి పడుకుంటుంది. పొద్దుగూకాక గట్టు వారకు, నాచు అంచులకు, పడవలు కట్టే చెక్క రేవుల కిందికి మేతకొస్తుంది. అప్పుడు వేయాల్సింది నీటి మీద తేలే ఉత్తుత్తి ఎర, లూర్. కొట్లో ముప్పై రంగుల్లో వేలాడుతుంటాయి. ఆ ముప్పై రంగులూ మనుషుల్ని పట్టడానికి. రాత్రికి నల్లదే కొనండి. చేప కిందనుంచి పైకి చూస్తుంది, ఎంత చీకటైనా నీళ్లకంటే ఆకాశం కాస్త తెలుపు, దాని మీద నల్లటి ఆకారమే తేటగా కనబడుతుంది.

మూతికి వెడల్పాటి రేకు ఉన్నదైతే మేలు. లాగుతుంటే బాతులా అటూ ఇటూ ఊగుతూ ‘గుబ గుబ గుబ’మంటుంది. గాలం కర్రకుండే దారం చక్రాన్ని ఒకే వేగంతో, నెమ్మదిగా చుట్టాలి. చీకట్లో చేప ఒంటి పక్కనున్న గీతతో నీటి కదలికను పసిగట్టి గురి చూసుకుంటుంది. మీరు ఆగి, గుంజి, మళ్లీ ఆగితే దాని గురి తప్పుతుంది. గుబగుబ ఆగిపోయిందా, నాచన్నా తగులుకుంది, దారమన్నా ముందు కొక్కేనికి చుట్టుకుంది. చుట్టేసి చూసుకోండి. మోగని ఎరను అరగంట లాగి ‘ఈ చెరువులో చేపల్లేవు’ అని తీర్పు చెప్పకండి. దారం నీటి మీద తేలేదో, నెమ్మదిగా మునిగేదో కావాలి, అల్లిక దారమో మామూలు నైలానో. ఫ్లోరోకార్బన్ దారం ఖరీదైనదే గానీ నీళ్లకంటే బాగా బరువు, త్వరగా మునిగి ఎర మూతిని కిందికి గుంజుతుంది.

ఇక అసలు గండం. చీకట్లో ‘తపాక్’ మంటుంది. సరిగ్గా అక్కడే మన సంస్కృతి బయటపడుతుంది. వానపాము గుచ్చి, బెండు మునగ్గానే లాగడం చిన్నప్పుడు కాలవగట్టున నేర్చినవాడు ఆ చప్పుడుకు ఊరుకుంటాడా? కొడుకు ‘నాన్నా, ఆగు’ అంటాడు. ‘మాకు తెలుసులేరా’ అని ఈయన వెనక్కి ఒక్క గుంజు గుంజుతాడు. చేప నోట్లో ఎర ఉండదు. బాస్ నీళ్లతోపాటు ఎరను లోపలికి పీలుస్తుంది, రాత్రిపూట తరచు గురి తప్పుతుంది. ఆ చప్పుడు చాలాసార్లు తప్పిన దెబ్బదే. అప్పుడు లాగితే ఆరు కొనల ఎర తుపాకీ గుండులా మొహం మీదికొస్తుంది. లాగకుండా అదే వేగంతో చుడుతూ పోతే, అదే చేప రెండోసారి కొడుతుంది. చేతికి బరువు తెలిశాకే కర్రను పక్కకు సాగదీయాలి. చెవి చెప్పింది వినకూడదు, మణికట్టు చెప్పింది వినాలి.

అందుకే రాత్రైనా తెల్లద్దాల కళ్లజోడు పెట్టుకోవాలి. కొక్కెం కొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముళ్లు ముందే పట్టకారుతో నొక్కేయాలి, చేతికి గుచ్చుకున్నా కొక్కెం సులువుగా వస్తుంది. తల లైటు నీళ్ల మీద వేయకూడదు, ముడి వేసేటప్పుడు చెరువుకు వీపు తిప్పాలి. చేప దగ్గరికొచ్చాక మాత్రం లైటు వేసి, కొక్కేలు ఎక్కడున్నాయో చూశాకే దవడ పట్టుకోవాలి. గుడ్డిగా నోట్లో వేలు పెడితే చేపా మీరూ ఒకే ఎరకు చిక్కుకుంటారు.

పదిహేడేళ్లు నిండినవాళ్లకు టెక్సాస్‌లో లైసెన్సు కావాలి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు వేరేది. మామూలుగా 14 అంగుళాల లోపు బాస్‌ను వదిలేయాలి, రోజుకు అయిదుకు మించకూడదు. కొన్ని చెరువులకు వేరే లెక్కలున్నాయి, చూసుకోండి. ‘పులుసుకు ఇదేం సరిపోతుందండీ’ అని ఇంటావిడ నిట్టూర్చినా లాభం లేదు.

వచ్చేటప్పుడు రెండు నల్ల ఎరలు తెచ్చుకోవాలనుంటే పెద్దపెట్టెలో వేయండి, చేతిసంచిలో కొక్కేలు కనబడితే విమానాశ్రయంలో మీ గాలం కథ మొదటినుంచీ చెప్పాల్సి వస్తుంది. వెళ్లేటప్పుడు నిండుగా వెళ్లిన ఆవకాయ డబ్బా ఖాళీగానే ఉంటుంది కదా, మూత బిగువు, అందులో పెట్టండి. కడిగి.