ఒక్క రక్తపరీక్షతో ఉద్దానం లెక్క తేలదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. అక్కడ ఒక్కరోజు శిబిరంలో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపే వ్యర్థం) ఎక్కువ వచ్చినవాళ్లందరినీ దీర్ఘకాలిక కిడ్నీ రోగులుగా లెక్కగట్టిన ఒక అధ్యయనాన్ని మెచ్చుకుంటూ ఒక వ్యాసం వచ్చింది. ఆ లెక్క ఒప్పుకోలేం. ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్‌ను బట్టి కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే అంచనా) 60 కంటే తక్కువగా కనీసం 3 నెలలు ఉంటేనే, లేదా కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు అంతకాలం కనబడితేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఉద్దానంలోని కవిటిలోనో వజ్రపుకొత్తూరులోనో ఎండలో తోటపని చేసి నేరుగా శిబిరానికొచ్చిన మనిషికి ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ అంకె పెరుగుతుంది. ముందురోజు రాత్రి మాంసం తిన్నా పెరగొచ్చు. ఉదయాన్నే రక్తం తీయాలి, 3 నెలలకు మళ్లీ తీయాలి. క్రియాటినిన్‌ను రంగును బట్టి కొలిచే జాఫే పద్ధతిలో గ్లూకోజు, కీటోన్లు కూడా రంగిచ్చి అంకెను పెంచుతాయి కాబట్టి ఎంజైమ్‌తో కొలిచే పద్ధతే మేలు.

మూత్రంలో పరీక్ష పట్టీ ముంచి, ప్రోటీన్ లేదని పంపించేయడం ఇంకా ప్రమాదం. ఇక్కడి జబ్బులో చాలామందికి ప్రోటీన్ పెద్దగా పోదు.

ఇక జబ్బుకు కారణం తాగే నీళ్లేమో అని చేసే పరీక్షలు. బోరు కాసేపు వదిలాకే నమూనా పట్టాలి. సిలికాకు ప్లాస్టిక్ సీసాయే వాడాలి, గాజులోంచి సిలికా నీళ్లలోకి దిగుతుంది. లెడ్, కాడ్మియం లాంటి లోహాలు చూడాలంటే వేరే సీసాలో నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే తగ్గించాలి. లేకపోతే లోహం సీసా గోడలకు పట్టి, నీళ్లలో లేనట్టే చూపిస్తుంది. ఏ పద్ధతి, ఏ సీసా, ఎన్ని గంటలకు ల్యాబుకు చేరిందో అధ్యయనం చేసినవాళ్లు దయచేసి రాయండి.