పాత స్టీల్ ఫ్రేమ్‌కి 700సి చక్రాలు వేస్తే ఫ్రేమ్ పోతుందంటున్నారు, ఎక్కడ పోతుందో చూద్దాం

ఒక మెసేజ్ తెగ షేర్ అవుతోంది, ఇంట్లో పాత రోడ్ బైక్ ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు పంపే ఉంటారు. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: నలభై ఏళ్ళ నాటి స్టీల్ ఈపాటికి మెత్తబడిపోయి ఉంటుంది, రేనాల్డ్స్ 531 (పేరున్న ఫ్రేమ్ ట్యూబుల రకం) స్టిక్కర్ లేని ఫ్రేమ్ మీద డబ్బు పెట్టడం దండగ, 27 అంగుళాల చక్రాలు తీసి వాటికంటే కాస్త చిన్నవైన 700సి సైజు వేస్తే బ్రేకులు అందవు, వెనక వైపు వెడల్పు చేస్తే ట్యూబులు పగులుతాయి, చక్రం చిన్నదైతే పెడల్ నేలకి తగులుతుంది. చివర్లో తుక్కుకి అమ్మేయమని ఉచిత సలహా ఒకటి. ఇంత పెద్ద మెసేజ్‌లో ఒక్క కొలత లేదండీ, నాకు ముందు అనుమానం వచ్చింది అక్కడే.

మెత్తబడటం సంగతి తొందరగా తేల్చేద్దాం. స్టీల్ బిగువు, అంటే ఎంత బరువుకి ఎంత వంగుతుందనేది, దాదాపు 200 గిగాపాస్కల్స్ దగ్గర ఉంటుంది, చవక హై-టెన్ రకం స్టీల్ అయినా ఖరీదైన క్రోమోలీ రకం అయినా అంతే, ఎన్నేళ్ళు తొక్కినా అది తగ్గదు. వాడకంతో వచ్చేది పగులు, అది కూడా ఫ్రేమ్ అంతా కాదు, లగ్గుల (ట్యూబులు కలిసే చోటి తొడుగులు) అంచుల్లో, బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు తిరిగే చోటు) చుట్టూ, డ్రాపవుట్లు (చక్రం ఇరుసు కూర్చునే గాళ్ళు) అతికిన చోట. రెండోది లోపలి తుప్పు. అందుకే బైక్ ఉన్నట్టుండి ఊగుతున్నట్టు అనిపిస్తే వయసు మీద తోసేయకుండా గుడ్డతో తుడిచి టార్చ్ వేసి ఆ చోట్లు చూడండి, సన్నని గీతలా పెయింట్ చిట్లి ఉంటే అది చూపించాల్సిన విషయమే.

531 భక్తి గురించి. మంచి ట్యూబే, 1935లో వచ్చింది, మాంగనీస్ మాలిబ్డినం స్టీల్, దాని పేరు ఊరికే రాలేదు. కానీ ఇటలీ నుంచి కొలంబస్ ఎస్‌ఎల్ ట్యూబులు ఉన్నాయి, జపాన్ నుంచి టాంగే, ఇషివాటా ఉన్నాయి, అవన్నీ తుక్కా? పైగా బలమైన స్టీల్ వల్ల లాభం ఏంటంటే ట్యూబ్ గోడ పల్చగా చేసుకోవచ్చు, అంతే, స్టీల్ సాంద్రత ఏ రకానికైనా దాదాపు ఒకటే. లెక్క వేద్దాం, 28.6 మిల్లీమీటర్ల డౌన్ ట్యూబ్, 60 సెంటీమీటర్ల పొడవు, గోడ మందం 1.2 అయితే సుమారు 490 గ్రాములు, 0.6 అయితే 250. తేడా ఉంది, కాదనను, కానీ ఆ తేడాకి చక్రాలు మార్చడానికి సంబంధం ఏంటి? నిజానికి మందం గోడ ఫ్రేమే ఇలాంటి పనికి ఎక్కువ ఓర్చుకుంటుంది.

స్టిక్కర్ని గుడ్డిగా నమ్మడం ఇంకో తలనొప్పి. 531 స్టిక్కర్లలోనే రకాలున్నాయి, కొన్ని మూడు మెయిన్ ట్యూబులకే, కొన్ని ఫోర్క్, స్టేలతో (వెనక చక్రాన్ని పట్టుకునే సన్నని ట్యూబులు) సహా మొత్తానికి, పైగా కొత్తగా ప్రింట్ చేసినవి ఎవరికైనా దొరుకుతాయి. సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) తీసి దాని మీద సైజు చదవండి, అది ఎక్కువ నిజం చెబుతుంది. 28.6 సీట్ ట్యూబ్‌లో 27.2 పోస్ట్ పడుతోందంటే పల్చటి గోడ, 26.4 లేదా ఇంకా తక్కువంటే మందం గోడ. ఫ్రెంచ్ ఫ్రేములకి ఈ లెక్క వాడకండి, వాటి ట్యూబ్ బయటి సైజే 28, అందుకని మంచి 531లో కూడా 26.4 పోస్ట్ ఉంటుంది.

బ్రేకులు. 27 అంగుళాల రిమ్ములో టైరు కూర్చునే చోట వ్యాసం 630 మిల్లీమీటర్లు, 700సిలో 622. తేడా 8, అంటే బ్రేక్ షూ కిందికి దిగాల్సింది అందులో సగం, 4 మిల్లీమీటర్లు. దీనికి బ్రేకులు కొనక్కర్లేదు, ముందు ఉన్న బ్రేక్ చేతుల్లో షూ బిగించే గాడి చూడండి, షూ కింద ఇంకా 4 ఖాళీ ఉంటే దించి బిగించేయడమే. లేకపోతే బ్రేక్ బోల్ట్ నుంచి రిమ్ము నడుమ దాకా కొలుచుకుని 47-57 మిల్లీమీటర్లు అందే బ్రేక్ కావాలో 55-73 అందేది కావాలో చూసి తెచ్చుకోండి. పాత క్రోమ్ పూత స్టీల్ రిమ్ములు వానలో ఎలా జారతాయో తొక్కినవాళ్ళకి తెలుసు, అల్యూమినియం రిమ్ముకి మారితే తడిలో బ్రేక్ ఎంత మెరుగవుతుందో ఆ మెసేజ్ రాసినాయన ఒక్క ముక్క రాయలేదు.

ఇక అసలు భయం, వెనక వెడల్పు. అయిదు స్పీడ్ల కాలంలో డ్రాపవుట్ల మధ్య 120 మిల్లీమీటర్లు ఉండేది, ఆరు ఏడు స్పీడ్లకి 126, తర్వాత 8 నుంచి 11 స్పీడ్ల దాకా రోడ్ హబ్బులు (చక్రం నడుమ భాగాలు) 130. 126లో 130 హబ్ పెట్టాలంటే ఒక్కో పక్క 2 మిల్లీమీటర్లు, చేత్తో లాగి దూర్చేయొచ్చు, చాలామంది చేసేది అదే, చక్రం తీసి పెట్టేటప్పుడు చిరాకు తప్ప నష్టం లేదు. 120 నుంచి 130 అయితే పక్కకి 5, అప్పుడు కోల్డ్ సెట్టింగ్ చేయాలి, అంటే వేడి చేయకుండా వంచి అక్కడే నిలిచేలా చేయడం. ఇది పగలగొట్టే పని అయితే ఫ్రేమ్ బిల్డర్లు రోజూ పగలగొడుతున్నట్టే, ఎందుకంటే ట్యూబులు అతికించే బ్రేజింగ్ వేడికి కాస్త పక్కకి పోయిన కొత్త ఫ్రేముని వాళ్ళు సరిచేసేది కూడా ఇలాగే.

చెడగొట్టే పద్ధతి మాత్రం ఉంది. పొడవాటి మర రాడ్, రెండు నట్లు పెట్టి రెండు పక్కలా ఒకేసారి తోసేస్తారు, రెండు స్టేలూ ఒకే బిగువు ఉండవు కాబట్టి మెత్తనిది ఎక్కువ పోతుంది, ఫ్రేమ్ వంకర. ఒక డ్రాపవుట్ నుంచి హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్‌కి దారం బిగించి కట్టండి, సీట్ ట్యూబ్ దగ్గర దారానికీ ట్యూబ్‌కీ మధ్య ఖాళీ రెండు పక్కలా సమానం ఉండాలి. ఒక్కో పక్క విడిగా వంచుతూ, ప్రతిసారీ దారం చూసుకుంటూ పోవాలి, స్టీల్ కొంత వెనక్కి వచ్చేస్తుంది కనక కావాల్సినదానికంటే ఎక్కువే లాగాల్సి వస్తుంది. అయ్యాక డ్రాపవుట్ల ముఖాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో చూసి సరిచేయాలి, 5 మిల్లీమీటర్లకి వచ్చే వంపు ఒక డిగ్రీ లోపే కానీ పాత ఫ్రీవీల్ హబ్‌లో యాక్సిల్ విరగడానికి అలాంటి వంపు కూడా తోడవుతుంది. తర్వాత డిరెయిలర్ హ్యాంగర్ (గేర్ మార్చే భాగం తగిలించే చోటు) కూడా సరిచూడాలి. ఈ పని అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల మీద అస్సలు వద్దు, రేనాల్డ్స్ 753 లాంటి పల్చటి హీట్ ట్రీటెడ్ ట్యూబుల మీద కూడా వద్దు, తుప్పు తిన్న స్టేల మీద ఆశే వద్దు. వీటికి మెసేజ్ మాట కరెక్టే, మిగతా స్టీల్ అంతటికీ పూసేయడమే తప్పు.

పెడల్ నేలకి తగలడం ఉత్త భయం. అదే వెడల్పు టైరు వేస్తే 27 నుంచి 700సికి బైక్ దిగేది 4 మిల్లీమీటర్లు, 32 బదులు 35 టైరు వేస్తే ఒక్క మిల్లీమీటరు. ఇంకాస్త ముందుకెళ్ళి 700సి కంటే చిన్నదైన 650బి చక్రం వేసుకోవాలనుకునేవాళ్ళకి కూడా ఇదే భయం పెడుతున్నారు. 650బి రిమ్ము 584, దానికి 42 టైరు వేస్తే సగం వ్యాసం 292 ప్లస్ 42, మొత్తం 334. 700సికి 23 టైరు వేస్తే 311 ప్లస్ 23, అదీ 334. ఎక్కడ తగులుతుంది నేలకి? 650బిలో అసలు ఇబ్బందులు వేరే, 700సితో పోలిస్తే బ్రేక్ షూ 19 మిల్లీమీటర్లు దిగాలి, మామూలు రోడ్ బ్రేకులు అంత దూరం అందవు, ఇక రెండోది చైన్ స్టేల (బాటమ్ బ్రాకెట్ నుంచి వెనక చక్రానికి పోయే కింది ట్యూబులు) మధ్య చోటు. వెనక యాక్సిల్ నడుమ నుంచి ముందుకి సుమారు 313 మిల్లీమీటర్ల దగ్గర టైరు వెడల్పు అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది, సరిగ్గా అక్కడ రెండు స్టేల మధ్య కొలవండి. 42 టైరుకి పక్కకి 4 చొప్పున వదిలితే 50 కావాలి. 46 వస్తే 38 టైరుతో సరిపెట్టుకోండి, అదీ రాకపోతే 700సిలోనే ఉండిపోండి.